ఇంట్లో కట్టిన రేడియోల్లో ఫ్రీక్వెన్సీ నిలకడ

చేతితో కట్టుకున్న ట్రాన్స్‌మిటర్ గాని రిసీవర్ గాని ట్యూన్ చేసిన చోటే కదలకుండా ఉండటం ఫ్రీక్వెన్సీ నిలకడ. అక్కణ్ణుంచి మెల్లగా పక్కకు జారితే హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియోవాళ్ళు, దాన్ని డ్రిఫ్ట్ అంటారు. పామర్రు లాంటి డెల్టా ఊళ్ళో ఈ బెడద ఎక్కువ. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం బందరు వైపు నుంచి సముద్రపు గాలి, ఎప్పుడూ ఉండే తేమ, మోటార్లు వేయగానే పడిపోయే ఓల్టేజి: అన్నీ ఆసిలేటర్ మీదే పనిచేస్తాయి.

ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని నిర్ణయించేవి కాయిల్, కెపాసిటర్. వేడికి రాగితీగ సాగుతుంది, కెపాసిటర్ విలువ మారుతుంది. 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌లో కాయిల్ విలువ పదివేలలో ఒక వంతు పెరిగినా ఫ్రీక్వెన్సీ 200 హెర్ట్జ్ తగ్గుతుంది. హామ్‌లు మాటలకు వాడే ఎస్.ఎస్.బి. (సింగిల్ సైడ్‌బ్యాండ్) పద్ధతిలో ఆ మాత్రం తేడా చాలు, అవతలివాళ్ళ గొంతు వికారంగా మారిపోతుంది.

1921లో అమెరికాలో వాల్టర్ కేడీ క్వార్ట్జ్ స్ఫటికంతో ఆసిలేటర్‌ను కట్టుదిట్టం చేశాడు. స్ఫటికం నిలకడగా ఉంటుంది, కానీ దాదాపు ఒక్క ఫ్రీక్వెన్సీకే కట్టుబడుతుంది. బ్యాండ్ అంతా తిరగాలనుకునేవాళ్ళు మళ్ళీ కాయిల్‌కే వచ్చారు. కాయిల్ చుట్లు కదలకుండా మైనం పోయడం, వేడికి విలువ మారని కెపాసిటర్లు ఏరుకోవడం, ఆసిలేటర్‌ను విడి డబ్బాలో మూయడం, అరగంట ముందే స్విచ్ వేసి ఉంచడం ఆ పనితనమే. 1973లో నెదర్లాండ్స్ హామ్ క్లాస్ స్పార్‌గారెన్ ఇంకో దారి చూపాడు: స్ఫటికంతో నడిచే కౌంటర్ ఆసిలేటర్‌ను పదేపదే కొలిచి, జారినప్పుడల్లా చిన్నగా వెనక్కి నెడుతుంది.

తెలుగు నేల మీద ఈ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం హైదరాబాద్‌ది. 2000ల తొలి ఏళ్ళలో అష్హర్ ఫర్హాన్ 14 మెగాహెర్ట్జ్‌కు బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేశాడు. దిగుమతి టొరాయిడ్‌ల (కాయిల్ చుట్టే ఉంగరాల) కోసం వెతక్కుండా కాయిల్‌ను కుళాయి వాషర్ మీద చుట్టవచ్చన్నాడు. ఫెరైట్‌లా వేడికి అయస్కాంత గుణం మారే గొడవ దానికి లేదు. అరచేతిలో ఇమిడే ఆ వాషర్ చుట్టే ఈ విద్యను మామూలు ఇళ్ళకు చేర్చిందని నా నమ్మకం. 2016లో వచ్చిన బిట్‌ఎక్స్40 కిట్‌లో మొదట కాయిల్ ఆసిలేటరే ఉండేది. తర్వాత దాని స్థానంలో ఆర్డ్వినో, అది చెప్పిన ఫ్రీక్వెన్సీని పుట్టించే ఎస్ఐ5351 చిప్ కలిసిన రాడ్వినో బోర్డు వచ్చింది.

ఆ చిప్‌కు ఆధారం 25 మెగాహెర్ట్జ్ స్ఫటికం. చవక స్ఫటికం అసలు విలువకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కనుక సరిచూసుకోక తప్పదు. పామర్రులో ఆ కొలబద్ద గాలిలోనే దొరుకుతుంది: ఆకాశవాణి విజయవాడ, 837 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్ స్టేషన్ 10 హెర్ట్జ్‌కు మించి జరగకూడదని అంతర్జాతీయ నియమం. చిప్‌ను 837కు పెట్టి, ఆ స్టేషన్ పలుకుతున్న రేడియో పక్కన ఉంచితే కార్యక్రమంలో గొంతు ఊగినట్టు వినిపిస్తుంది. చిప్‌కు చెప్పిన స్ఫటికం విలువను కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఆ ఊపు మందగించి, చివరికి ఆగిపోతుంది.