పొట్టలో సూది వెనుక నూరేళ్లు

కాలు జారి పడి, మడమ ఎముక విరిగి, ఆరు వారాలు పిండికట్టుతో మంచాన ఉన్నాను. కట్టు విప్పిన కొద్ది రోజులకే ఎడమ పిక్క ఉబ్బింది, ముట్టుకుంటే వేడి. డాప్లర్ పరీక్షలో లోతు సిరలో నెత్తురు గడ్డకట్టినట్టు తేలింది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమట. ఎనోక్సాపారిన్ అనే మందు ముందే నింపి ఉంచిన చిన్న సిరంజీలు, పది రోజులకు ఇరవై, చేతిలో పెట్టి "ఇంటికి వెళ్లి మీరే వేసుకోవచ్చు" అన్నారు వైద్యులు.

నర్సమ్మ నేర్పింది. "మాస్టారూ, బొడ్డుకు రెండంగుళాలు ఎడంగా చర్మం మడతపెట్టి పట్టుకుని నిలువుగా గుచ్చండి. లోపలి గాలిబుడగను బయటికి నెట్టకండి. తీశాక రుద్దకండి. పొద్దున కుడివైపైతే సాయంత్రం ఎడమవైపు." వినడానికి ఇంతే. ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద సంధులు విడదీసిన చెయ్యి తొలిరోజు సూది పట్టుకుని పావుగంట గాలిలోనే ఆగిపోయింది. మా ఆవిడ చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నొప్పికి కాదు, నా శరీరాన్ని నేనే గుచ్చుకోవడమన్న ఊహకే భయం. ఆ భయాన్ని మరపించుకోవడానికి, ఈ మందు పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను.

మొదట పేరే నన్ను ఆకట్టుకుంది. ఈ మందుకు మూలం హెపారిన్. గ్రీకులో హెపార్ అంటే కాలేయం. మన సంస్కృత యకృత్తూ ఆ హెపారూ ఒకే మూలధాతువు నుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. పదాది యకారం గ్రీకులో హకారమైంది, నడిమి కకారం పకారమైంది. ఇన్నేళ్లు యకృత్తు అన్న మాట చెప్పాను గాని, దాని గ్రీకు సోదరి ఒకనాడు నా పొట్టలోకే వస్తుందనుకోలేదు!

1916లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో, జే మెక్లీన్ అనే విద్యార్థికి ఆచార్యుడు విలియం హోవెల్ ఒక పని అప్పగించాడు. అది రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని పరిశోధించే పని. శిష్యుడు కుక్క కాలేయం నుండి తీసిన సారాన్ని నిలవ ఉంచి చూస్తే, గడ్డకట్టించే గుణం పోయి, గడ్డకట్టనివ్వని గుణం బయటపడింది. గురువు నమ్మలేదు. అప్పుడు శిష్యుడు గిన్నెడు పిల్లి రక్తంలో ఆ సారాన్ని కలిపి బల్లమీద పెట్టి, ఇది గడ్డకట్టినప్పుడు చెప్పండని వెళ్లిపోయాడట. అది గడ్డకట్టనే లేదు. ఈ ముచ్చట మెక్లీన్ తానే తరువాత రాసుకున్నది. 1918లో హోవెల్ హెపారిన్ అని నామకరణం చేశాడు. అయితే తరువాత ఆయన వేరుచేసినది నీటిలో కరిగే వేరొక పదార్థం. నేటి మందు ఆ రెండోదే. కనుక కనుగొన్నదెవరన్న వివాదం ఇప్పటికీ ఉంది. నా మట్టుకు శిష్యుడి పక్షమే. వెతుకుతున్నదానికి విరుద్ధమైనది దొరికినప్పుడు పారబోయకుండా గురువు ముందు పెట్టాడు కదా!

1930లలో కెనడాలోని టొరంటోలో, ఇన్సులిన్ పరిశోధనలో భాగస్వామియైన చార్లెస్ బెస్ట్ బృందం దీన్ని శుద్ధి చేసింది. 1935లో గోర్డన్ ముర్రే అనే శస్త్రవైద్యుడు రోగులకు వాడనారంభించాడు.

రక్తాన్ని పలచన చేసే మందు అంటాం గాని, ఆ మాట తప్పు. రక్తమేమీ పలచబడదు. ఈ మందు ఉన్న గడ్డను కరిగించదు కూడా. పెరగకుండా, కొత్తది పుట్టకుండా ఆపుతుంది. కరిగించే పని శరీరమే నెమ్మదిగా చేసుకుంటుంది.

పాత హెపారిన్‌తో ఒక చిక్కుంది. అది పొడవైన గొలుసుల వంటి అణువుల మిశ్రమం. రక్తంలోని ఇతర మాంసకృత్తులకు అంటుకుపోతుంది గనుక ఎవరిలో ఎంత పనిచేస్తుందో ముందుగా చెప్పలేరు. అందుచేత రోగి సెలైన్ సీసాకు కట్టుబడి, మాటిమాటికీ రక్తపరీక్షలతో రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చేది. చర్మం కింద కొద్దికొద్దిగా ఇచ్చే పద్ధతి మేలు చేస్తుందని పెద్ద ఎత్తున నిరూపించినవారిలో ముఖ్యుడు లండన్‌లో పనిచేసిన భారతీయ సంతతి వైద్యుడు విజయ్ కక్కర్. 4121 మంది శస్త్రచికిత్స రోగులపై జరిగిన ఆ పరిశోధన 1975లో వెలువడింది. ఊపిరితిత్తుల్లో గడ్డ చేరి మరణించినవారు మందు పొందనివారిలో 16 మంది, పొందినవారిలో ఇద్దరు. ఆ గొలుసులను చిన్న ముక్కలుగా తెంచితే శరీరపు బరువును బట్టి మోతాదు నిర్ణయించవచ్చునని అటుపైన తెలిసింది. నాది అరవై కిలోలు గనుక పూటకు అరవై మిల్లీగ్రాములు. 1996లో రెండు పరిశోధనలు, ఒకటి 500 మందితో, మరొకటి 400 మందితో, ఇంట్లో సూది వేసుకున్నవారు ఆసుపత్రిలో ఉన్నవారికంటే నష్టపోలేదని చూపాయి. నన్ను ఇంటికి పంపినవి ఆ రెండే.

ఐదోరోజున చదివిన సంగతి మాత్రం చేతిని మళ్లీ ఆపింది. నేటి హెపారిన్ అత్యధికం పంది పేగుల లోపలి పొర నుండి తీస్తారు. మాది గుడ్డు కూడా ఎరుగని ఇల్లు. పూర్తిగా కృత్రిమంగా చేసే ఫోండాపారినక్స్ అనే మందు 2001 నుండి ఉంది. కాని అప్పటికే ఎనిమిది సూదులు పడ్డాయి. రాజయక్ష్మకు చరకుడు మాంసరసాలు విధించిన సంగతి జ్ఞాపకం వచ్చింది. సుశ్రుతుడు జలగలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ జలగ నోటిలోనూ రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని 1884లో హేక్రాఫ్ట్ కనుగొన్నాడు. మా ఆవిడతో చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత దూది, స్పిరిటు తెచ్చి పక్కన పెట్టి, "టైమవుతోంది, కానివ్వండి" అంది. ఆ పూట వంటింట్లోకి వెళ్లలేదు.

పొట్ట మీద నీలి మచ్చలు పసుపురంగుకు తిరిగాయి. ఖాళీ సిరంజీలు ఇరవయ్యీ మూత బిగించిన డబ్బాలో వేసి ఆసుపత్రిలో అప్పగించాం. ఇప్పుడు మాత్రలూ, రక్తపరీక్షలూ నడుస్తున్నాయి. వాపు సాయంత్రాలు మాత్రం కొద్దిగా ఉంటోంది.