మూడో పీరియడ్

తెల్లారుజామున నాలుగున్నర. ఇస్నాపూర్‌లో కిరాయి గది. లైటు వేస్తే పాప లేస్తుంది. ఫోన్ టార్చిని ఉప్పు డబ్బాకు ఆనించి, ఆ వెలుగులో గిన్నెడు నీళ్లలో పసుపు కలుపుతున్నావు. తెల్ల కాగితం ముక్కలు ఒక్కొక్కటే ముంచి తీసి, దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నావు. యాభై ముక్కలు. గోళ్ల సందుల్లోకి పసుపు దిగింది.

గిన్నెలు తోమిన చెయ్యి సరిగ్గా కడుక్కోలేదేమో, చివరి ముక్క మీద నీ బొటనవేలి ముద్ర ఎర్రగా పడుతుంది. సబ్బు క్షారం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఆ ముద్ర చూస్తుంటే పాఠానికి మొదలు దొరికింది. దిష్టి తీసే ఎర్రనీళ్లు! పసుపులో సున్నం కలిపితే వచ్చేవే కదా. కొత్త కోడలు గడప తొక్కే ముందు, బాలింత పిల్లతో ఇంటికొచ్చినప్పుడు, అమ్మమ్మలు పళ్లెంలో చేసే ప్రయోగం అది.

పాఠ్య పథకంలో ‘ప్రవేశం’ గడి నింపుతావు. దాని కింద నిన్న రాసిన వాక్యం ఉంది: ‘విద్యార్థులు ఇంటి నుంచి ఏదైనా ఒక ద్రావణం తేవాలి.’ దాన్ని మళ్లీ చదవవు. చదవాల్సింది.

మూలనున్న నీలం డ్రమ్ములో చెంబు ముంచి చేతులు కడుక్కుంటావు. తుక్కు దుకాణంలో కొన్న డ్రమ్ము. ఈ బస్తీలో చాలా ఇళ్లలో నీళ్లు పట్టేది అలాంటి వాటిలోనే. కొనేటప్పటికే దాని లేబుల్ గీకేసి ఉంది.

ఆరున్నరకు మీ ఆయన సి షిఫ్ట్ దిగి వస్తాడు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీ. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. దండెం మీది పచ్చ కాగితాలు చూసి ఆగిపోతాడు.

“ఏందే, పండలేదా?”

“ఇయ్యాల మా సార్ పాఠం చూడనీకి వస్తుండు.”

పాపను బడికి పంపి పడుకుంటానంటాడు. నీ వంతు అయిపోయింది, ఇక ఆయన వంతు. రెండేళ్లుగా ఈ ఇల్లు షిఫ్టుల మీదే నడుస్తోంది.

నీకు 37 ఏళ్లు. డిగ్రీ అయిన ఏడే పెళ్లి. తర్వాత ప్రైవేటు బడిలో కొన్నాళ్లు, మందుల కంపెనీ ప్యాకింగ్‌లో కొన్నాళ్లు. బీఈడీలో చేరేందుకు ఎడ్‌సెట్ రాయడానికి 19 ఏళ్లు నిండాలంటారు, పైన హద్దు లేదని తెలిసిన రోజు నీకు నిద్ర పట్టలేదు. హద్దు ముందుంది, టీచరు ఉద్యోగాల డీఎస్సీ దగ్గర. 2017లో 8,792 పోస్టులు వేశారు. మళ్లీ 2024లో 11,062. మధ్యలో ఏడేళ్లు. 2024లో జనరల్‌కు వయసు హద్దు 46. వేళ్ల మీద లెక్కేసుకుంటావు. ఈసారి పోతే ఇంకొక్కసారి. అంతే.

పోయినేడాది రోజూ సంగారెడ్డి కాలేజీకే. ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సెక్కితే రుద్రారం, కంది మీదుగా. కందిలో ఐఐటీ గేటు దగ్గర నీ వయసులో సగం పిల్లలు దిగేవాళ్లు. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ చేతిలో పెట్టేవాడు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ఉచితం కాకపోయి ఉంటే ఈ కోర్సు నీ లెక్కలో పడేదే కాదు. నీ సైకాలజీ పుస్తకంలో పేజీ గుర్తులన్నీ ఆ టికెట్లే.

ఈ ఏడాది బస్సు లేదు, నడకే. బీఈడీని రెండేళ్ల కోర్సుగా మార్చినప్పటి నుంచి మొత్తం 20 వారాలు బడిలో గడపాలన్నది నిబంధన. నీకిచ్చిన హైస్కూలు ఇంటికి దగ్గర.

ఎనిమిదింపావుకు బయలుదేరతావు. సర్వీసు రోడ్డు మీద ట్యాంకర్లు వరుసగా ఆగి ఉన్నాయి. గాలిలో కుళ్లిన గుడ్డు వాసన, దాని వెనకే అరటిపండు ఎసెన్సులా తియ్యటిదేదో. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడో మానేశావు. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు ఇటువైపంతా అంబులెన్సుల మోతే. యాభై మందికి పైగా పోయారు. ఎక్కువమంది బతుకుదెరువుకు ఒడిశా, బిహార్, యూపీల నుంచి వచ్చినవాళ్లు. అప్పటి నుంచి మీ ఆయన షిఫ్ట్ దిగి గేటు దాటగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. నువ్వు ఎత్తవు. మోగితే చాలు.

ప్రార్థన అయిపోయింది. మూడో పీరియడ్. ఏడో తరగతి బి. 45 నిమిషాలు.

ఆఖరి బెంచీలో మీ లెక్చరర్ సార్ పరిశీలన పత్రం విప్పుకుని కూచున్నారు. ముందర యాభై మొహాలు. పాఠ్యపుస్తకం రెండు భాషల్లో ఉంటుంది, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ఈ గదిలో పావు వంతు పిల్లల ఇళ్లలో ఆ రెండూ మాట్లాడరు.

“దిష్టి నీళ్లు ఎర్రగ ఎందుకుంటయి?” అంటావు.

గది ఒక్కసారి లేచి కూచుంది. చేతులు, చేతుల మీద చేతులు. “రక్తం కలుపుతరు మేడం!” “కుంకుమ!” “మా నానమ్మ సున్నం ఏస్తది!” పసుపు కాగితాలు పంచుతావు. సబ్బునీళ్లకు ఎర్రన. నిమ్మరసానికి ఏమీ కాదు. చింతపండు పులుసుకు ఏమీ కాదు. మజ్జిగకు ఏమీ కాదు. బల్ల మీద సీసాలు, గ్లాసులు, పాలిథిన్ కవర్లు. గోల. చక్కని గోల.

మొదటి ఏడాది సూక్ష్మ బోధన గుర్తొస్తుంది. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాలు మళ్లీ తయారీ, ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, ఆరు నిమిషాలు మళ్లీ విమర్శ. మొత్తం 36. తోటి వాళ్లే పిల్లల వేషం. ముప్పై దాటిన మనుషులు చెయ్యెత్తి “మేడం మేడం” అనేవాళ్లు, అడగమన్నదే అడిగేవాళ్లు. ఆ గంటల్లో సగం, స్కెచ్ పెన్నులతో రికార్డులకు అంచులు గీసిన రాత్రులన్నీ కలిపి, ఇలాంటి గదిలోనే గడపనివ్వాల్సింది.

కిటికీ పక్క పిల్ల అడుగుతుంది: “మేడం, మన నక్కవాగు నీళ్లు ఆమ్లమా, క్షారమా?”

పథకంలో లేని ప్రశ్న. సార్ తలెత్తారు. చెప్పాలా, దాటెయ్యాలా? చెప్తావు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలే నీళ్లను పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. జ్వరానికో, విరేచనాలకో డాక్టరు రాసే మందే. దాన్ని మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీళ్లు పోయింది ఈ వాగులవైపే, అక్కణ్నించి మంజీరకు.

“అంటే వాగుకు జ్వరమా మేడం?” అంటాడో పోరగాడు. అందరూ నవ్వారు. నువ్వూ.

అప్పుడు నాలుగో బెంచీ పిల్లాడు లేస్తాడు. బిహార్ పిల్లాడు. మూడు నెలల కింద చేరాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి సిగ్గు. చేతిలో లీటరు నీళ్ల బాటిల్. అడుగున నాలుగు వేళ్ల ఎత్తున ఏదో. తేటగా, లేత పచ్చగా.

“మేడం, యే భీ.”

“ఎక్కడిది నాన్నా?”

“పాపా డ్రమ్ ధోతే హై.”

వాళ్ల నాన్న తుక్కు దుకాణంలో డ్రమ్ములు కడుగుతాడు. అడుగున మిగిలింది వంచి తెచ్చాడు. ఏదైనా తెమ్మన్నది నువ్వే.

బాటిల్ పొట్ట ఉబ్బి ఉంది. మూత చుట్టూ సన్నటి తెల్లని పొగ. అగరుబత్తి పొగలా.

“తియ్యిరా, తియ్యి!” వెనక బెంచీలు.

పిల్లాడి వేళ్లు మూత మీదున్నాయి.

అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తాడు. లాక్కుంటే ఇద్దరి చేతుల్లో పగులుతుంది. ఊరుకుంటే తిప్పుతాడు.

తిప్పాడు. పావు వంతు.

బుస్.

రెండు మూడు చుక్కలు. ఒకటి వాడి వేళ్ల మీద. ఒకటి బెంచీ మీది పసుపు కాగితం మీద. ఒకటి నేల మీద.

“రంగు మారలే మేడం! ఏం గాదు!” ముందు బెంచీ పిల్ల చప్పట్లు కొడుతోంది.

నీ కడుపులో చల్లగా ఏదో దిగుతుంది. పసుపు పట్టేది క్షారాన్నే. ఆమ్లానికి మారదు. నిమ్మరసానికి మారలేదు. దీనికీ మారదు. ఆ పిల్ల తప్పు చెప్పలేదు. నువ్వు నేర్పిందే చెప్పింది.

నేల చూస్తావు. షాబాద్ బండ. సున్నపురాయి. చుక్క పడ్డచోట తెల్లటి నురగ. బుసబుస.

ఆమ్లం. గట్టిదే.

ఏ ఆమ్లమో తెలీదు.

“బేటా.” నీ గొంతు నీకే కొత్తగా వినిపిస్తుంది. మెల్లగా. పాపను జోకొట్టే గొంతు. “నీచే రఖో. ధీరే. అబ్ ఛోడ్ దో.”

వంగాడు. పెట్టాడు. వదిలాడు.

బాటిల్ నిలబడింది.

“అందరు బయటికి. సంచులు వద్దు. ఉరుకొద్దు. గేటు దిక్కు.”

ఎవరో చిన్న గొంతుతో అడిగారు: “పేలుతదా మేడం?”

“పేలది. నడువు.”

ముప్పై. నలభై. సార్ కిటికీలు తెరుస్తున్నారు. ఒక పిల్ల సంచి కోసం వెనక్కి తిరిగింది. భుజం పట్టి తిప్పావు. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. పిల్లాడు యాభై. వాడి మణికట్టు నీ చేతిలోనే ఉంది.

నల్లా కింద వాడి వేళ్లు. నీళ్లు ధారగా వదులు. రుద్దకు.

మొదట వాడు ఏమీ అనలేదు. తర్వాత ఏడుపు. చూపుడువేలు, నడిమి వేలు. చర్మం తెల్లబడి ముడతలు పడింది. రెండు నిమిషాలకే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. వదలవు. కనీసం ఇరవై నిమిషాలు. గడియారం చూస్తూ లెక్క పెడుతున్నావు. పిల్లలు దూరంగా అర్ధచంద్రంలా నిలబడి ఉన్నారు.

ఇందాక చప్పట్లు కొట్టిన పిల్ల ముందుకొచ్చింది. “మేడం, ఆమ్లానికి క్షారం విరుగుడు అంటిరి గదా. సున్నం రాద్దామా?”

ఇది అసలు ప్రశ్న. వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్తావు. ఆమ్లం, క్షారం కలిస్తే వేడి పుడుతుంది. బీకరులో అయితే గాజు వేడెక్కుతుంది, వేలి మీదైతే వేలు కాలుతుంది. పైగా సున్నం కూడా చర్మాన్ని తింటుంది. అందుకని నీళ్లే. చాలా నీళ్లు. చాలాసేపు. “ఇంట్ల ఎవరికైన గిట్లయితే ఏం చేస్తరు?” యాభై గొంతులు: “నీళ్లు!” ఆ జవాబు పరీక్షకు రాదు.

హెచ్ఎం సార్ గదికి తాళం వేయించి ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశారు. వాళ్లొచ్చి బాటిల్ చుట్టూ ఇసుక పోసి తీసుకెళ్లారు. అదేమిటో నీకెవరూ చెప్పలేదు. పిల్లాణ్ని దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించారు. వేళ్లకేం కాదన్నారు.

మధ్యాహ్న భోజనం వేళకు వాళ్ల నాన్న వస్తాడు. అరచేతుల నిండా పాత మచ్చలు, కొడుకు వేళ్ల మీద ఉన్నవాటిలాంటివే. చేతులు జోడించి అడుగుతున్నాడు, సేఠ్‌కు చెప్పొద్దని. చెబితే పని పోతుంది. పని పోతే గది పోతుంది. చెప్పకపోతే రేపు ఇంకో డ్రమ్ము, ఇంకో పిల్లాడు.

హెచ్ఎం సార్ తెల్లకాగితం నీ ముందు పెట్టారు. జరిగింది రాసివ్వాలి. పెన్ను మూత తీసి చాలాసేపు కూచుంటావు. చివరికి దుకాణం పేరు రాస్తావు. తండ్రి పేరు రాయవు. ఈ దుకాణంలో డ్రమ్ములు కడిగేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని నీకు నువ్వు చెప్పుకుంటావు. అది నిజమో కాదో కనుక్కోలేదు.

సాయంత్రం సార్ పరిశీలన పత్రం చేతికిస్తారు. ‘ప్రవేశం బాగుంది. నల్లబల్ల వినియోగం తక్కువ. పునర్విమర్శ జరగలేదు. ఇంటిపని ఇవ్వలేదు.’ అడుగున వేరే సిరాతో: ‘పాఠం మళ్లీ చెప్పాలి.’ రూలు ప్రకారం ఇవాళ్టి పాఠం లెక్కలోకి రాదు. సార్ ఏదో అనబోయి, నీ పసుపు గోళ్లు చూసి, “ఇంటికి పోయి పడుకోమ్మా” అని మాత్రం అంటారు.

పడుకోవు. పథకం విప్పి ‘ఏదైనా ఒక ద్రావణం’ కొట్టేస్తావు. ‘వంటింట్లో మనం తినేదో తాగేదో ఒకటి’ అని రాస్తావు. రేపు ఏడో తరగతి ఏ, రెండో పీరియడ్.

మీ ఆయన అప్పుడే లేచి మొహం కడుక్కోవడానికి చెంబు తీశాడు. చెయ్యి అడ్డం పెడతావు. ఇద్దరూ కలిసి ఆ నీలం డ్రమ్మును వాకిట్లోకి దొర్లించి బోర్లిస్తారు. నీళ్లు గచ్చు మీదుగా మోరీలోకి పోతున్నాయి.

నల్లా వచ్చేది రేపు పొద్దున ఆరింటికి. ఇంట్లో బిందెలు నాలుగే ఉన్నాయి.