అసుర శబ్దం – అర్థపరిణామం

అసురుడు అనగానే కోరలతో కూడిన భీకరాకారం స్ఫురిస్తుంది. అయితే ఋగ్వేదంలో ఈ శబ్దం ప్రధానంగా దేవతాస్తుతికే వినియుక్తమైంది. ప్రథమ మండలంలో వరుణుడు అసురుడు, సవిత అసురుడు. అగ్నికి, ఇంద్రునికి, రుద్రునికి కూడా ఈ విశేషణం చెల్లింది. తృతీయ మండలంలోని 55వ సూక్తంలో 22 మంత్రాలున్నాయి. దేవతలందరి అసురత్వం మహత్తరమైనది, ఏకమైనది అనే భావంతోనే ప్రతి మంత్రమూ ముగుస్తుంది. అక్కడ అసురత్వమంటే దివ్యసామర్థ్యం. ‘అసు’వనగా ప్రాణం, ప్రాణశక్తి గలవాడు అసురుడని యాస్కుడు నిరుక్తంలో చూపిన నిర్వచనాలలో ఒకటి.

పారసీకుల అవెస్తాలో ఇదే శబ్దం ‘అహుర’ అయింది. అహుర మజ్దా వారికి పరమేశ్వరుడు. విచిత్రమేమంటే, అక్కడ దేవశబ్దమే దుష్టశక్తులకు వాచకమైంది.

ఋగ్వేదంలోని దశమ మండలంలోనే అసురులు దేవవిరోధులుగా కూడా కనిపిస్తారు. బ్రాహ్మణగ్రంథాలలో దేవాసుర సంగ్రామం స్థిరపడింది. అయినా ఉభయులూ ప్రజాపతి సంతానమేనని ఆ గ్రంథాలు విస్మరించలేదు. కాలక్రమంలో ‘అసుర’లోని అకారాన్ని నిషేధార్థకంగా గ్రహించి, దేవతలకు ‘సుర’ అనే పేరు ఏర్పడింది. క్షీరసాగరమథనంలో ఆవిర్భవించిన వారుణిని స్వీకరించిన అదితిపుత్రులు సురులు, నిరాకరించిన దితిపుత్రులు అసురులు అని రామాయణ బాలకాండ చెబుతుంది.

ఉపనిషత్తులు ఈ శబ్దాన్ని అంతర్ముఖం చేశాయి. బృహదారణ్యక భాష్యంలో శంకరభగవత్పాదులు దేవాసురులను ఇంద్రియవృత్తులుగానే వ్యాఖ్యానించారు. శాస్త్రజ్ఞానంచేత ప్రకాశించేవి దేవతలు. స్వాభావిక ప్రవృత్తిచేత ప్రేరితమైనవి అసురులు. ఛాందోగ్యంలో ఇంద్రుడు, విరోచనుడు ఒకే ప్రజాపతి వద్ద బ్రహ్మచర్యం పాటించారు. విరోచనుడు దేహమే ఆత్మ అనుకొని తృప్తితో వెనుదిరిగాడు. ఇంద్రుడు సంశయంతో మళ్లీ మళ్లీ వచ్చి, మొత్తం 101 సంవత్సరాలు నిరీక్షించి ఆత్మతత్త్వాన్ని గ్రహించాడు. ఇక్కడ అసురత్వమంటే విచారణ ఆగిపోవడం.

పురాణవంశక్రమమూ ఈ సత్యాన్నే బోధిస్తుంది. హిరణ్యకశిపుడు హరిద్వేషి, కుమారుడు ప్రహ్లాదుడు పరమభాగవతుడు. అతని కుమారుడు విరోచనుడు దేహాత్మవాది. మనుమడు బలి వామనునికి సర్వసమర్పణ చేసిన మహాత్ముడు. వంశం ఒక్కటే, సంపదలు వేరు. అసురత్వం జన్మచేత వచ్చేదైతే ప్రహ్లాదుడు భక్తాగ్రేసరుడు కాలేడు.

అందుకే గీత 16వ అధ్యాయంలో దంభం, దర్పం, క్రోధం, పారుష్యం, అజ్ఞానం మొదలైనవి ఆసురీసంపదగా చెప్పబడ్డాయి. ఒక జాతినో, ఒక వర్గాన్నో అసురులని నిందించడానికి ఈ శబ్దాన్ని వాడేవారు ఆ పారుష్యాన్నే ఆశ్రయిస్తున్నారు. సాధకునికి దేవాసుర సంగ్రామభూమి స్వహృదయమే.