తీగ లేని పరికరాలకు ‘గాలి’ గండం
ఇంట్లో గంట నుంచి తుపాను హెచ్చరిక వరకు.. అంతరాయాలకు కారణాలెన్నో

విజయవాడ: మీట ఎవరూ నొక్కకపోయినా వాకిట్లో గంట మోగుతుంది. మేడపై ట్యాంకు నిండి పొర్లుతున్నా కింద మోటారు ఆగదు. ఇటువంటి సందర్భాల్లో పరికరం చెడిపోయిందనే చాలామంది భావిస్తారు. తరచూ దోషం పరికరానిది కాదు, అది వాడుకునే రేడియో తరంగాల దారిది.

అందరిదీ ఒకే దారి
తీగ లేని గంటలు, రిమోటు మీటల్లో అనేకం 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్‌లు 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిని వాడతాయి. ఈ శ్రేణిలో తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా కేంద్ర ప్రభుత్వం 2005లో నిబంధనలు తెచ్చింది. దానికి షరతు ఉంది. ఇతరులకు అంతరాయం కలిగించరాదు. ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కూ ఉండదు.

కారణాలివీ..
చౌక గంటల్లో సంకేతపు కోడ్‌లు పరిమితం. రెండిళ్లలో ఒకే కోడ్ ఉంటే పక్కింటి మీటకు మనింటి గంట మోగుతుంది. కోడ్ మార్చుకుంటే సమస్య తీరుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ సైతం 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలోనే పనిచేస్తుంది కనుక దాని దగ్గర వైఫై మందగించవచ్చు. అపార్టుమెంట్లలో 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఇనుప చువ్వల కాంక్రీటు శ్లాబు, ట్యాంకులోని నీరు సంకేతాన్ని బలహీనపరుస్తాయి.

రేడియోలో గరగర
విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. మీడియం వేవ్ ప్రసారాలకు ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు గరగర తెచ్చిపెడతాయి. మచిలీపట్నం, నాగాయలంక వంటి తీర ప్రాంతాల్లో విద్యుత్ స్తంభాల ఇన్సులేటర్లపై ఉప్పు పేరుకుని నిప్పురవ్వలు లేచినా ఇదే ఇబ్బంది. కారణం కనుగొనేందుకు సులువైన మార్గముంది. బ్యాటరీ రేడియో పెట్టి ఇంటి మెయిన్ స్విచ్ ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. గరగర ఆగితే కారణం ఇంట్లోనే ఉన్నట్టు. ఆగకపోతే బయట ఉన్నట్టు. స్తంభంపై రవ్వలు కనిపిస్తే దగ్గరకు వెళ్లకుండా విద్యుత్ సిబ్బందికి తెలపాలి.

ప్రాణాల మీదికి రాకుండా..
1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేల ప్రాణాలను బలిగొంది. హెచ్చరిక సకాలంలో చేరడం డెల్టాకు ఎంత అవసరమో ఆ విషాదం చాటింది. కరెంటు పోతే రౌటరు మూగబోతుంది. ఛార్జింగ్ తీరితే సెల్‌ఫోనూ అంతే. కనుక తుపాను రోజుల్లో బ్యాటరీ రేడియోను అందుబాటులో ఉంచుకోవాలి. మంచంపై ఉన్న రోగికి, ఒంటరి వృద్ధులకు తీగతో పనిచేసే గంట అదనంగా అమర్చాలి. మోటారుకు ఫ్లోట్ స్విచ్ జతచేయాలి. తీగ లేని పరికరం సౌకర్యానికే. అత్యవసరానికి దానినొక్కదాన్నే నమ్ముకోరాదు.