అప్పు పత్రం – పనిచేసే చేయి

  



వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఈ అంతర్వేది తీరాన మన బ్రతుకులు చేపల వేటపై, కొబ్బరి తోటలపై, గల్ఫు దేశాలకు వెళ్ళిన మన బిడ్డల సంపాదనపై ఆధారపడి ఉన్నవి. ఈ మూడింటి వెనుకా అప్పు ఉన్నది. ఇటీవల జుమా నమాజు తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చి ఒక కాగితం చూపినాడు. పడవ యజమాని వద్ద అతడు అడ్వాన్సు తీసుకొన్నాడు. వాయిదాలన్నీ తీరేవరకు వేరొక పడవ ఎక్కరాదని అందులో వ్రాసి ఉన్నది. “హజ్రత్, ఈ పడవ దిగితే నేను మాట తప్పినవాడిని అవుతానా?” అని అడిగినాడు. అతనికి మేము చెప్పిన సమాధానాన్నే చరిత్ర వెలుగులో నేడు మీ ముందుంచుతున్నాము.

మొదట మదీనా వైపు చూద్దాము. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజియల్లాహు అన్హు) ఒకరి వద్ద బానిసగా ఉండేవారు. ఆ బంధనం వల్లనే బద్ర్, ఉహుద్ యుద్ధాలలో వారు పాల్గొనలేకపోయినారు. యజమానితో ఒప్పందం చేసుకొమ్మని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి సూచించినారు. మూడు వందల ఖర్జూర మొక్కలు నాటి బ్రతికించాలి, నలభై ఊఖియాల బంగారం చెల్లించాలి, అప్పుడు స్వేచ్ఛ లభిస్తుంది. ఇట్టి ఒప్పందాన్నే ‘ముకాతబత్’ అంటారు. దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 33వ ఆయత్ దానిని ప్రోత్సహించినది. సహాబీలలో ఒకరు ముప్పై మొక్కలు, ఒకరు ఇరవై, ఒకరు పది తెచ్చి ఇచ్చినారు. గోతులు తవ్వుటలో తోడ్పడినారు. దైవప్రవక్త స్వహస్తాలతో మొక్కలు నాటినారు. కొబ్బరి మొక్క నాటి, అది నిలదొక్కుకొనేవరకు నీరు పోసిన మీకు ఆ శ్రమ విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అదీ ఒక చెల్లింపు ఒప్పందమే. కాని అది మనిషిని విడిపించుటకు వ్రాసుకొన్నది.

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) విషయం కూడా గమనించండి. అప్పులు మీరిపోగా వారి ఆస్తిని ఋణదాతలకు పంచిపెట్టినారని, ఆ తరువాత దైవప్రవక్త వారిని యమన్‌కు బాధ్యుడిగా పంపినారని ఉల్లేఖనాలు తెలుపుతున్నవి. దివాలా తీసినవానికి కొలువు తలుపు మూయబడలేదు. సంపాదించే దారి మూసివేస్తే అప్పు తీరేది ఎట్లు?

ఇక మన దేశ చరిత్ర చూడండి. 1859లో ఆంగ్ల ప్రభుత్వం పనివారి ఒప్పంద భంగ చట్టం చేసినది. అడ్వాన్సు తీసుకొన్న కూలి పని మానితే యజమాని మేజిస్ట్రేటు వద్ద ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము తిరిగి ఇచ్చుటయో, పని పూర్తిచేయుటయో ఏది కావాలో కోరే హక్కు యజమానిదే. ఆజ్ఞ పాటించని కూలికి మూడు నెలల వరకు కఠిన శిక్ష. బాకీ కోసం మనిషిని జైలుకు పంపే ఈ చట్టం 1925లో గాని రద్దుకు నోచుకోలేదు.

ఆ కాలంలోనే మన గోదావరి డెల్టా నుండి వేలాదిమంది ఓడలెక్కి బర్మా వెళ్ళినారు. గౌతమీ ముఖాన ఉన్న కోరింగ రేవు పేరుతోనే వారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఓడ ఖర్చుకు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. రంగూను రేవులోను బియ్యం మిల్లులలోను వచ్చిన కూలి మేస్త్రీ చేతి మీదుగా రావలెను. అందులో నుండి అతడు బాకీ మినహాయించుకొనేవాడు. లెక్క పుస్తకం అతని వద్ద, చెమట కూలివానిది. బాకీ తీరనంతవరకు ఆ ముఠా విడిచిపోవుట దుర్లభం. మదీనాలో ఒప్పందం తలుపు తెరిచినది. ఇక్కడ అదే తలుపుకు గడియ పెట్టినది.

స్వతంత్ర భారతంలో 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఈ గడియను విరుగగొట్టినది. అప్పు కారణంగా మనిషి వేరొక చోట పనిచేసే స్వేచ్ఛను కోల్పోవుట కూడా వెట్టిచాకిరియేనని అది పేర్కొన్నది. అట్టి వెట్టి అప్పులను రద్దు చేసినది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా ఇదే న్యాయాన్ని పాటిస్తున్నది. మామూలు బాకీ డిక్రీకై జీతం జప్తు చేసినప్పుడు మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ఉద్యోగికే విడిచిపెట్టవలెను. బాకీదారుడు పని మానకుండా, ఇల్లు గడుపుకొంటూ తీర్చవలెనన్నదే దీని భావం.

అందుచేత ఆ యువకునికి మేము ఇట్లు చెప్పినాము: “నాయనా, సొమ్ము నీపై అమానతు. ఒక్క రూపాయి కూడా ఎగవేయరాదు. బాకీతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు చదివించుటకు దైవప్రవక్త వెనుకాడగా, అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి పూచీపడినారు. దాని బరువు అంతటిది. కాని బాకీ నీ సొమ్ముకు సంబంధించినది, నీ చేతులకు సంబంధించినది కాదు. వేరొక పడవ ఎక్కు, నెల నెలా చెల్లించు, సాక్షుల ఎదుట రసీదు తీసుకో.”

అప్పిచ్చే సోదరులారా! మీకూ మా విన్నపం ఉన్నది. ఋణం సాకుగా పొందే ప్రతి లాభమూ వడ్డీ కోవలోనిదేనని ఫుఖహాలు హెచ్చరించినారు. అప్పిచ్చి, అందుకు బదులుగా తక్కువ కూలికి కట్టిపడేయుట అట్టిదే. అప్పును విడిగా, పనిని విడిగా వ్రాయండి. లెక్క అతనికీ తెలియనివ్వండి. బఖరా సూరా 282వ ఆయత్ అప్పును వ్రాసుకొమ్మని ఆదేశిస్తున్నది. 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇమ్మని, మాఫీ చేస్తే మరింత మేలని బోధిస్తున్నది. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ హక్కుదారులలో బాకీపడినవారు కూడా ఉన్నారు. గల్ఫు ప్రయాణానికి అప్పుచేసి చిక్కుకొన్న బిడ్డ మన మొహల్లాలో ఉంటే, సల్మాన్‌కు సహాబీలు తెచ్చిన మొక్కలను గుర్తు చేసుకొని, ఎవరికి చేతనైనంత వారు అందించండి.

అల్లాహ్ మనలను బాకీల భారం నుండి, ఇతరులను కట్టివేసే పాపం నుండి కాపాడుగాక! ఆమీన్.