యజమాని దివాలా: కార్మికుల బకాయిల రక్షణ

కంపెనీ దివాలా తీసినప్పుడు కార్మికులకు రావలసిన జీతం, సెలవు జీతం, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, పరిహారం మునిగిపోకుండా చట్టం చేసే ఏర్పాట్లు ఈ అంశం కిందికి వస్తాయి. ప్రపంచంలో ఇవి ప్రధానంగా రెండు రకాలు. కంపెనీ ఆస్తుల పంపకంలో కార్మికులను ముందు వరుసలో నిలబెట్టడం ఒకటి. ఆస్తులతో నిమిత్తం లేకుండా ప్రత్యేక నిధి నుంచి బకాయి చెల్లించడం రెండోది. భారతదేశం మొదటి పద్ధతిపైనే ఆధారపడుతోంది.

బ్యాంకు తాకట్టు పెట్టుకుని అప్పిస్తుంది. సరుకు సరఫరా చేసేవారికి వేరే ఖాతాదారులుంటారు. కార్మికుడు నెలంతా పనిచేశాక జీతం తీసుకుంటాడు. అంటే ఏ తాకట్టూ లేకుండా యజమానికి అప్పిచ్చినట్టే. అతనికి ప్రత్యేక రక్షణ కావాలనడానికి ఆధారం ఇదే.

నేపథ్యం

1956 కంపెనీల చట్టం మొదటి రూపంలో, తాకట్టు ఉన్న రుణదాతలు తమ సొమ్ము రాబట్టుకున్నాక మిగిలిన దానిలోనే కార్మికులకు ప్రాధాన్యం ఉండేది. కంపెనీ మూసివేత పిటిషన్‌పై విచారణలో కార్మికుల వాదన వినాల్సిందేనని 1982లో నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. 1985 సవరణతో చేరిన 529ఎ సెక్షన్ కార్మికుల బకాయిలకు తాకట్టు రుణదాతలతో సమాన స్థానం కల్పించింది. 2013 కంపెనీల చట్టంలో 326వ సెక్షన్ దాన్ని కొనసాగించింది. దివాలా స్మృతి (ఐబీసీ) కింద జరిగే లిక్విడేషన్లకు (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే ప్రక్రియకు) మాత్రం 2016 నుంచి ఆ స్మృతి నిబంధనలే వర్తిస్తున్నాయి.

దివాలా స్మృతిలో స్థానం

ఐబీసీ ప్రకారం జీతం బకాయి ‘ఆపరేషనల్ రుణం’. కంపెనీ భవితవ్యాన్ని తేల్చే రుణదాతల కమిటీలో ఓటు ఆర్థిక రుణదాతలదే, కార్మికులకు లేదు. దివాలా ప్రక్రియ కోరడానికి కనీస బకాయి పరిమితిని 2020 మార్చిలో లక్ష రూపాయల నుంచి కోటికి పెంచడంతో కార్మికుడు ఒంటరిగా ఆ తలుపు తట్టే వీలు దాదాపు పోయింది. సభ్యుల తరఫున కార్మిక సంఘం పిటిషన్ వేయవచ్చని 2019లో కాన్పూర్‌లోని జేకే జూట్ మిల్లు కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ తీర్పు విలువ ఇప్పుడు మరింత పెరిగింది.

లిక్విడేషన్‌లో 53వ సెక్షన్ నిర్దేశించే క్రమం ఇది:

1. దివాలా, లిక్విడేషన్ ప్రక్రియల ఖర్చులు
2. కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు వదులుకున్న రుణదాతల బాకీలు (సమాన స్థాయి)
3. కార్మికుల నిర్వచనంలోకి రాని ఉద్యోగుల 12 నెలల బకాయిలు
4. తాకట్టు లేని ఆర్థిక రుణాలు
5. ప్రభుత్వ బకాయిలు, తాకట్టు అమ్ముకున్నా తీరని బాకీలు
6. మిగిలిన అప్పులు
7. ప్రిఫరెన్స్ వాటాదారులు
8. సాధారణ వాటాదారులు

ఈ 24 నెలలను లిక్విడేషన్ మొదలైన తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడిన తేదీ లెక్కలోకి రాదు. కేసు ఏళ్ల తరబడి సాగితే, పనిచేసి సంపాదించుకున్న నెలల జీతమే ఈ గడువు దాటి అడుగు వరుసకు జారిపోతుంది. ఆలస్యానికి కారణం ఎవరైనా నష్టం కార్మికుడిదే.

పీఎఫ్, గ్రాట్యుటీ

ప్రావిడెంట్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికులకు రావలసిన మొత్తాలు పంపకానికి వచ్చే ఆస్తిలో భాగం కావని ఐబీసీ 36వ సెక్షన్ చెబుతోంది. అంటే వాటికి పై వరుసతో పనిలేదు. ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. దివాలా ప్రక్రియ కాలంలో నిజంగా పనిచేసినవారి జీతాన్నే ప్రక్రియ ఖర్చుగా ముందు చెల్లించాలని కూడా అదే తీర్పు పేర్కొంది.

యజమాని గ్రాట్యుటీ నిధే ఏర్పాటు చేయకపోతే? హైదరాబాద్‌కు చెందిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌లో, నిధి లేనప్పుడు లిక్విడేటర్ ఆ సొమ్మును విడిగా సమకూర్చనక్కర్లేదని కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ 2020లో తేల్చింది. జెట్ ఎయిర్‌వేస్ పరిష్కార ప్రణాళిక (సంస్థను కొత్త యజమానికి అప్పగించి నడిపించే పథకం) విషయంలో మాత్రం పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని 2022లో అదే ట్రిబ్యునల్ ఆదేశించింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అయితే ఆ ప్రణాళిక అమలు కాలేదు. విమానాలు ఆగిన అయిదేళ్ల తర్వాత, 2024 నవంబరులో సంస్థను లిక్విడేషన్‌కు పంపారు.

తెలంగాణలో రెండు మిల్లులు

1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్లింది. బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడ్డాయి. లిక్విడేషన్ ఆదేశం 2019లో వచ్చింది. ఈ రెండింటి మధ్య గడిచిన మూడేళ్లకు పైగా కాలం 24 నెలల పరిమితి కంటే ఎక్కువ. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగింది. 2018లో జేకే పేపర్ పరిష్కార ప్రణాళికకు ఆమోదం లభించి మిల్లు మళ్లీ నడిచింది. బకాయితో పాటు ఉపాధి కూడా నిలవాలంటే సంస్థ బతకడమే మేలైన దారి.

హామీ నిధులున్న దేశాలు

జర్మనీలో యజమానులు చెల్లించే రుసుముతో నడిచే నిధి, దివాలాకు ముందు మూడు నెలల నికర జీతం ఇస్తుంది. ఐరోపా ఆర్థిక సముదాయ సభ్య దేశాలన్నిటా ఇలాంటి హామీ సంస్థలుండాలని ఆ సముదాయం 1980 నాటి ఆదేశం నిర్బంధం చేసింది. ఆస్ట్రేలియా 2012 చట్టం కింద ప్రభుత్వమే గరిష్ఠంగా 13 వారాల జీతం, సెలవు జీతం, నోటీసు, ఉద్యోగ తొలగింపు పరిహారం చెల్లించి, తర్వాత ఆస్తుల నుంచి రాబట్టుకుంటుంది. ఈ పథకం పౌరులకు, శాశ్వత నివాసులకు, ప్రత్యేక కేటగిరీ వీసా ఉన్నవారికి పరిమితం. తాత్కాలిక వర్క్ వీసాపై అక్కడ పనిచేసే తెలుగువారికి వర్తించదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1992లో ఆమోదించిన 173వ ఒప్పందం ప్రాధాన్య క్రమం, హామీ నిధి రెండింటికీ చోటిచ్చింది. భారత్ దీన్ని ధ్రువీకరించలేదు.

మిగిలిన లోటు

ఆస్తులు తుప్పుపట్టాక, యంత్రాలు తరలిపోయాక వరుసలో రెండో స్థానం దక్కినా చేతికొచ్చేది స్వల్పమే. రెండు మార్పులు న్యాయంగా అవసరం: 24 నెలలను సంస్థ మూతపడిన తేదీ నుంచి వెనక్కి లెక్కించడం, యజమానుల చందాతో జాతీయ హామీ నిధి ఏర్పాటు చేయడం. అవి వచ్చేదాకా కార్మికులకున్న మార్గం దివాలా ప్రకటనలోని గడువులోగా ‘ఫారం డి’లో క్లెయిం దాఖలు చేయడం, జీతపు చీట్లు, నియామక పత్రం, పీఎఫ్ ఖాతా వివరాలు భద్రపరచుకోవడం, సంఘంగా ట్రిబ్యునల్ ముందు నిలబడడం.