నాక్సోస్ కాథలిక్ అగ్రపీఠం: 'ఫ్రాంకు' నామం, గ్రీకు భాష

ప్రవేశిక

తెలుగులోని 'పరంగి', 'ఫిరంగి' పదాలకు మూలం 'ఫ్రాంక్' అనే జాతినామం. తూర్పు మధ్యధరా ప్రాంతంలో పశ్చిమ ఐరోపా క్రైస్తవులకు సామాన్యనామమైన ఈ మాట అరబ్బీ, పారశీక భాషల మీదుగా భారతీయ భాషలకు చేరింది. తెలుగులో అది విదేశీయుణ్ణి, ఫిరంగి అనే ఆయుధాన్ని సూచించింది. ఏజియన్ సముద్రంలోని గ్రీకు ద్వీపాలలో మాత్రం అదే మాట గ్రీకే మాతృభాషగా గల స్థానిక కాథలిక్కులకు పేరైంది. భాష చేత స్వదేశీయులై, మతం చేత పరదేశీయులుగా పరిగణింపబడిన ఈ సమాజ చరిత్రను నాక్సోస్ అగ్రపీఠం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

విజేతల పీఠం

1204లో నాలుగవ క్రూసేడు సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించాయి. తరువాత వెనిస్‌కు చెందిన మార్కో సానుడో 1207 ప్రాంతంలో నాక్సోస్‌ను జయించి, ద్వీపసమూహ డచీని స్థాపించాడు. ఆర్థోడాక్స్ ప్రజల నడుమ లాటిన్ పీఠం వెలసింది ఈ రాజకీయ నేపథ్యంలోనే. నాక్సోస్ కోటలోని ప్రధాన దేవాలయం, దాని చుట్టూ ఉన్న ప్రభుకుటుంబాల భవనాలు నేటికీ ఆ పుట్టుకను తెలుపుతాయి. 1522లో రోడ్స్ ద్వీపం ఒట్టోమన్ల వశం కాగా, అక్కడి అగ్రపీఠ హోదా నాక్సోస్‌కు సంక్రమించింది. 1566లో డచీ పాలకుణ్ణి సుల్తాను తొలగించాడు. పీఠాన్ని నెలకొల్పిన రాజ్యం అంతరించినా పీఠం నిలిచింది. దీనికి కారణాన్ని అధికారంలో కాక సమాజంలో వెదకవలసి ఉంటుంది.

కోట నుండి గ్రామానికి

నాక్సోస్‌లో కాథలిక్ మతం ప్రధానంగా కోటలోని భూస్వామ్య కుటుంబాలకు పరిమితమైంది. టినోస్ స్థితి వేరు. 1390 నుండి వెనిస్ ప్రత్యక్ష పాలనలో ఉన్న ఆ ద్వీపం 1715 వరకు ఒట్టోమన్లకు లొంగలేదు. అందుచేత అక్కడ కాథలిక్ మతం సేద్యగాండ్ర గ్రామాలలో వేరూనింది. సిరోస్‌లోనూ సామాన్య జనమే అధికంగా కాథలిక్కులు. 1919లో నాక్సోస్, ఆండ్రోస్, టినోస్, మికోనోస్ పీఠాలు ఏకమైనప్పుడు బిరుదులో నాక్సోస్ మొదటి స్థానాన్ని నిలుపుకొంది. అగ్రపీఠాధిపతి నివాసం మాత్రం టినోస్‌లోని క్సినారా గ్రామం. పేరు కోటది, ప్రాణం పల్లెది.

రెండు సంప్రదాయాల నడుమ గోడలు నిత్యజీవితంలో అంత ఎత్తైనవి కావు. నాక్సోస్‌లో లాటిన్ అగ్రపీఠాధిపతుల గ్రామీణ నివాసమైన బెలోనియా బురుజు పక్కన జంట దేవాలయం ఉంది. అందులో ఒక భాగం కాథలిక్కులది, మరొకటి ఆర్థోడాక్స్ వారిది. ఇటువంటి సహారాధనను రోమ్ 1729లో నిషేధించింది. నిషేధం అవసరమైందంటే ఆచారం ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు.

లిపి – భాష

ఈ సమాజపు ద్వైవిధ్యానికి స్పష్టమైన సాక్ష్యం 'ఫ్రాంగోకియోటికా'. ఫ్రాంకుల పేరు, కియోస్ ద్వీపం పేరు కలిసిన ఈ మాట గ్రీకు భాషను రోమన్ లిపిలో వ్రాసే పద్ధతిని తెలుపుతుంది. కియోస్‌లోనే కాక ఇతర ద్వీపాల కాథలిక్కులలోనూ ఇది వాడుకలో ఉండేది. అక్షరాభ్యాసం లాటిన్, ఇటాలియన్ బోధనతో ముడిపడినందున అక్షరక్రమం ఇటాలియన్ ఉచ్చారణను అనుసరించింది. గ్రీకు లిపిలో ఒకే 'ఇ' ధ్వనికి ఇయోటా, ఈటా, ఉప్సిలాన్ మొదలైన పలు సంకేతాలున్నాయి. రోమన్ లేఖనం ఆ చారిత్రక భేదాలను విడిచి, వినిపించినదానినే వ్రాసింది. కనుక పరాయి లిపిగా తోచే ఈ వ్రాతలే ద్వీప వ్యావహారిక భాషకు విలువైన ఆధారాలయ్యాయి. లిపిని చూచి ప్రజల భాషను నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

రక్షణ – అనుమానం

ఒట్టోమన్ కాలంలో కాథలిక్కులకు ఫ్రాన్స్ రక్షణ లభించింది. 1627లో నాక్సోస్‌కు వచ్చిన జెస్విట్లు, వారి వెంట వచ్చిన ఇతర సభలవారు విద్యను వ్యాపింపజేశారు. 1897 నాటి క్రీట్ తిరుగుబాటు వేళ నికోస్ కజాంజాకిస్ బాల్యంలో చదివినది నాక్సోస్‌లోని ఫ్రెంచి కాథలిక్ పాఠశాలలోనే. అయితే ఈ రక్షణే అనుమానానికీ హేతువైంది. 1821 విప్లవంలో ద్వీప కాథలిక్కులలో అధికులు తటస్థంగా ఉండడం 'ఫ్రాంకు' అనే ముద్రను గాఢతరం చేసింది. 1830 ఫిబ్రవరి 3 నాటి లండన్ ఒప్పందపత్రం ప్రకారం ఫ్రాన్స్ తన రక్షణాధికారాన్ని వదులుకోగా, కాథలిక్కుల ఆరాధనాస్వేచ్ఛకు, ఆస్తులకు హామీ లభించింది.

ఆ హామీ పరిధి మాత్రం వివాదాస్పదంగానే మిగిలింది. నాక్సోస్ అగ్రపీఠానికి లోబడిన క్రీట్ పీఠపు ప్రధాన దేవాలయం ఖానియాలో ఉంది. పొరుగువారు దాని ప్రహరీగోడను కూల్చగా చర్చి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. చర్చికి న్యాయవ్యక్తిత్వం లేదని గ్రీకు న్యాయస్థానాలు దావాను త్రోసిపుచ్చాయి. 1997లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం దీనిని హక్కుల ఉల్లంఘనగా నిర్ణయించింది. 2014 నాటి 4301వ చట్టం కాథలిక్ చర్చికి మతపరమైన న్యాయవ్యక్తిత్వాన్ని గుర్తించింది.

ఉపసంహారం

నాక్సోస్ అగ్రపీఠాన్ని కేవలం దండయాత్ర అవశేషంగా భావించడం దాని తొలి అధ్యాయాన్నే సమగ్ర చరిత్రగా గ్రహించడమవుతుంది. విజేతల పీఠం గ్రామీణుల పీఠంగా మారిన క్రమంలో దానిని నిలిపినది ద్వీపవాసుల గ్రీకు భాష, వారి నిత్యజీవితం. నేటి గ్రీసులో కాథలిక్కులు ఈస్టర్ పండుగను సాధారణంగా ఆర్థోడాక్స్ తేదీననే జరుపుకొంటారు. పరాయితనాన్ని సూచించే పేరు శతాబ్దాలుగా వెంటాడినా, ఆ పేరు మోసినవారు పరాయివారు కారని ఈ చరిత్ర నిరూపిస్తుంది.